ఏసుపాదం గెలిచిన దుర్వార్త

దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలెత్తే ఏసుపాదం పద్నాలుగు బాక్సింగ్ పోటీల్లో నియమం తప్పకుండా ఓడినవాడు. పైకొచ్చే కుర్రాళ్లకు ఓ గెలుపు కావాల్సొస్తే నిర్వాహకులు డబ్బిచ్చి అతన్నే పిలిచేవారు. దెబ్బలు మానడానికి ముందుగానే రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లేవాడు.

మొన్న ఆదివారం మొదటి రౌండులోనే ఎదుటివాడు పడిపోయాడు. "లేరా అబ్బాయ్" అని ఏసుపాదమే బతిమాలాడట. వాడు లేవలేదు.

సోమవారానికి ఊళ్లో ఫ్లెక్సీ లేచింది. "ఇంకా బస్తాలేంది బాబాయ్, ఉద్యోగం మానెయ్!" అన్నారు కట్టినవాళ్లు.

రాజీనామా రాసుకొచ్చిన మొగుణ్ణి సలోమి ఒకటే అడిగింది. "ఓడతావని గదయ్యా పిలిచేది? ఇంకెవడు పిలుస్తాడు?"

పద్నాలుగు ఓటముల్లోనూ అతను అంత దెబ్బ తినలేదు. కాసేపు కూలబడి, లేచి, ఆ కాగితం వెనకే సెలవు రద్దు చేయమని రాసుకుని షిఫ్టుకు వెళ్లాడు.