కింబ్రో వాళ్ల రాగిరంగు గుర్రం

ఓలీటా బర్డ్‌వెల్ గుర్రాన్ని అమ్మే ముందు దాని లోపాలే చెప్పేది. “ఇది కుడివైపు నుంచి ఎక్కితే తంతుంది. ఉరిమిందంటే కంచె దూకుతుంది. ఇంకా కావాలా?” అనేది. అయినా కావాలన్నవాళ్లకే పగ్గం చేతికిచ్చేది. పశ్చిమ ఓక్లహోమాలో ఆ చుట్టుపక్కల పశువుల మందలున్న ఇళ్లన్నిటిలోనూ ఆమె అమ్మిన క్వార్టర్ హార్స్ జాతి గుర్రం ఒకటైనా ఉండేది. దూరపువాళ్లకు అమ్మేది కాదు. దారిన పోతూ ఉంటే తను అమ్మిన గుర్రం మేస్తూ కనబడాలి ఆమెకు.

డ్వేన్ కింబ్రో ఒక రాగిరంగు గుర్రం మీద మనసుపడ్డాడు. దాని పేరు బిస్కెట్.

“నిన్ను మొయ్యాలంటే దీనికి ఇంకో రెండు కాళ్లు మొలవాలిరా,” అంది ఓలీటా.

“మా ఆవిడ మార్లా వంట కాస్త పాడుచేస్తే చాలు, మిస్ ఓలీటా, నేను చిక్కిపోతాను. ఇంతకీ లోపాలేమిటో చెప్పరేం?”

“చెప్పడానికేం లేవు. తీసుకుపో.”

ఆ వసంతంలో తప్పిపోయిన దూడ వెంట పరుగెత్తుతూ బిస్కెట్ ఏదో జంతువు తవ్విన బొరియలో కాలు వేసింది. గుర్రం కింద పడి డ్వేన్ నలిగిపోయాడు. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు ముందు కనబడింది గుర్రమే. జీను పొట్ట కిందికి జారిపోయి, ఒక కాలు ఎత్తిపట్టుకుని, శవం దగ్గరే నిలబడి ఉంది.

అంత్యక్రియలయ్యాక మార్లా దాన్ని ట్రైలర్‌లో తెచ్చి దింపింది.

“అమ్ముకుంటారో, కబేళాకు పంపుతారో మీ ఇష్టం. నా కిటికీలోంచి మాత్రం ఇది కనబడకూడదు.”

ఆ సాయంత్రం ఓలీటా గుర్రం కళ్లూ, మోకాళ్లూ, గిట్టలూ తడిమి తడిమి చూసింది. ఎక్కడైనా ఒక లోపం దొరికితే తనను తాను తిట్టుకోవచ్చు. ఏమీ దొరకలేదు.

కాలు నయమయ్యాక వేలానికి తోలుకెళ్లింది. బిస్కెట్ లోపలికి రాగానే బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. అందరికీ తెలుసు. కబేళాకు లారీలు నింపే మనిషి ఒక్కడే చెయ్యెత్తాడు.

“ఆపండి. ఇది అమ్మకానికి కాదు,” అంది ఓలీటా లేచి.

“తెచ్చింది నువ్వే కదా!” అన్నాడు వేలం వేసే అతను.

“అవును, నేనే తెచ్చాను. నేనే తీసుకుపోతున్నాను.”

ఆ రోజు నుంచి ఆమె గుర్రాలు కొనడం మానేసింది. ఉన్నవాటిని ఒక్కొక్కటిగా వదిలించుకుంది. దొడ్లో బిస్కెట్ ఒక్కటే మిగిలింది.

ఆకులు రాలే కాలంలో మార్లా వచ్చింది, మొగుడి మందపాటి కోటు వేసుకుని. గుర్రం కంచె దగ్గరికి వచ్చి ఆ కోటు జేబులో మూతి పెట్టి వెతికింది. మార్లా పిడికిళ్లు బిగించి దాని మెడ మీద కొట్టింది. గుర్రం కదల్లేదు. ఓలీటా ఆపలేదు. కొట్టి కొట్టి అలసిపోయి, మార్లా ఆ మెడనే కావలించుకుని ఏడ్చింది.

“చివర్లో నన్ను పిలిచాడో లేదో దీన్నే అడగాలి, మిస్ ఓలీటా. అక్కడ ఇంకెవరున్నారు?”

ఓలీటా ఆమె వీపు మీద చెయ్యి వేసింది. “లోపలికి రా తల్లీ. కాఫీ పెడతాను,” అంది.

మార్లా ఆ తర్వాత కొన్ని ఆదివారాలు వచ్చింది. చలికాలం పోయేసరికి పొలం అమ్మేసి టల్సాలో అక్క దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్తున్నానని చెప్పడానికైనా రాలేదు. ఓలీటా తప్పుపట్టలేదు.

ఇంకొన్నేళ్లకు ఒక జనవరి పొద్దున బిస్కెట్ కడుపునొప్పితో పడిపోయి మరి లేవలేదు. పశువుల డాక్టరు బాధ లేకుండా పోవడానికి సూది వేసేదాకా ఓలీటా దాని తల ఒళ్లో పెట్టుకుని మంచులోనే కూర్చుంది. తర్వాత మార్లాకు ఫోన్ చేసింది. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదని వినబడింది.

పక్క పొలం బక్ ట్రాక్టరు తెచ్చి, గడ్డకట్టిన నేలను కష్టపడి తవ్వి పూడ్చాడు. పనయ్యాక టోపీ తీశాడు.

“ఇది అడిగే సమయం కాదనుకో,” అన్నాడు. “మా పిల్లకి ఒక సాధు గుర్రం కావాలి. నువ్వు చూసిపెడితే నాకు దిగులుండదు.”

“ఇంకెవరినైనా అడుగు బక్.”

“నీ అంత నమ్మకంగా ఎవరు చెప్తారు, ఓలీటా?”

ఓలీటా గడ్డపార భుజాన వేసుకుని, ఖాళీ దొడ్డి తలుపు మూయబోయి, మళ్లీ తీసే ఉంచి, ఇంట్లోకి వెళ్లిపోయింది.