మూడో పిలుపు

ఇసుక మీద ఉన్నప్పుడు మా నాన్న ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు పలికేవాడు కాదు. రెండో పిలుపుకూ పలికేవాడు కాదు. అదే గొంతు మూడోసారి పిలిస్తేనే "ఓ" అని తల తిప్పేవాడు. ఇంట్లోనో, కుండల్‌వాడి బజారులోనో అయితే ఒక్క పిలుపు చాలు. పట్టింపంతా ఇసుక మీదే.

మాది సగరోళి. మంజీర ఎండిపోగానే ఊళ్లో కొన్ని కుటుంబాలు నది ఇసుకలోకి దిగి ఖర్బూజ పాదులు పెట్టేవి. పంట చేతికొచ్చేదాకా నాన్న ఇసుక మీదే గుడిసె వేసుకుని ఉండేవాడు. నీళ్ల కోసం చెలిమె తవ్వుకునేవాడు. మోచేతి లోతు ఇసుక తోడితే చాలు, అడుగున తియ్యటి నీళ్లు మెల్లగా ఊరేవి. నేను పుట్టకముందు మా పెదనాన్న ఆ ఇసుకలోనే పోయాడు. మిట్టమధ్యాహ్నం అవతలి గట్టు నుంచి ఎవరో ఆయన్ని పేరు పెట్టి పిలిచారట. ఒక్క పిలుపుకే "ఓ" అని లేచి అటు నడిచాడట. ఎగువన ఎక్కడో వాన పడి తొలి వరద దిగింది. పిలిచిందెవరో ఆ తర్వాత ఎంత వెతికినా తెలియలేదు.

"నీళ్లల్ల పోయినోళ్లు రెండుసార్లే పిలుస్తరు బిడ్డా. మూడోసారి పిలిచేటిది మనిషే" అనేవాడు నాన్న.

నేను నాయ్‌గావ్‌లో బడిపంతులమ్మను, పైగా సైన్సు చెప్పేదాన్ని. ఇదంతా నాకు ఒళ్లు మండే వ్యవహారం. అయినా అన్నం మూట పట్టుకుని ఇసుకలోకి వెళ్లినప్పుడు బుద్ధిగా మూడుసార్లు పిలిచేదాన్ని. పంతానికి పోతే అన్నం చల్లారిపోయేది కదా.

డెబ్బైల చివర్లో, ఒక దీపావళి సెలవుల్లో నాందేడ్ నుంచి టూరు బస్సు వెళుతుందని తెలిసింది. ముందు రాజస్థాన్ ఎడారి, తర్వాత గుజరాత్‌లో సింహాల అడవి, చివర సముద్రం. వంటవాళ్లూ, దారి చూపించే మనిషీ బస్సులోనే ఉంటారు. సముద్రంలో శివుడున్నాడని, నీళ్లు తప్పుకుని దారి ఇస్తాయని మా భజన మండలిలో ఎవరో చెప్పారు. అది విన్న దగ్గర్నుంచి నాన్న నిలవలేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకని తోడు నేను బయలుదేరాను.

బస్సెక్కే పొద్దున అమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఎడారి ఉండనీ, పులులుండనీ. నీళ్ల కాడ మాత్రం మీ నాయిన మీదికెళ్లి కండ్లు తియ్యకు. పైలంగ తీస్కపోతున్నవు, పైలంగ తీస్కరా."

"అడవిల ఉండేటియి పులులు గాదమ్మా, సింహాలు" అన్నాను.

"ఏవైతేంది? నేను నీళ్ల సంగతి చెప్తున్న."

మా గైడు నాందేడ్ మనిషే. మరాఠీవాడు. ఎర్ర టోపీ, మెడలో పోలీసు ఈల. అందరూ ఆయన్ని భావూ అనేవాళ్లు. చెడ్డవాడు కాదు గానీ తొందర మనిషి, కాలు ఒకచోట నిలిచేది కాదు. బస్సు నాందేడ్ దాటకముందే లేచి నిలబడి మరాఠీలో తన కట్టుబాట్లు చెప్పాడు. దిగిన ప్రతిచోటా ఈల వేస్తాడు. ఈలకు రానివాళ్లను పేరు పెట్టి పిలుస్తాడు. రెండుసార్లు పిలుస్తాడు. అప్పటికీ పలకకపోతే వాళ్లు ముందే బస్సెక్కేశారని లెక్క, మూడోసారి పిలవడం తన అలవాటు కాదు.

అందరూ నవ్వారు. పక్కకు తిరిగి చూస్తే నాన్న హాయిగా కిటికీలోంచి జొన్నచేలు చూస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భావూతో విషయం చెప్పాను. మా నాన్నకు ఇలా ఒక పట్టింపు ఉంది, ఇసుక ఉన్నచోట కాస్త మూడోసారి కూడా పిలవండి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తాయీ, మీరు బడిలో పాఠాలు చెప్పేవాళ్లు కాదూ?" అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు పకపక నవ్వారు. తల కొట్టేసినట్టయింది. ఇక ఆ మాట ఎత్తలేదు. ఆ మూడో పిలుపేదో నేనే పిలుచుకుంటాను, ఇన్నేళ్లూ పిలవలేదా అనుకున్నాను.

జైసల్మేర్ దాటాక ఇసుక తిన్నెలు మొదలయ్యాయి. మిగతావాళ్లు ఒంటెల మీదెక్కి కేకలు పెడుతుంటే నాన్న చెప్పులు విడిచి ఇసుకలోకి నడిచాడు, సొంత ఇంట్లోకి నడిచినట్టు. ఒక తిన్నె చాటున కూర్చుని రెండు చేతులా ఇసుక తోడటం మొదలుపెట్టాడు. మోచేతి దాకా తోడాడు. భుజం దాకా తోడాడు. తోడిన కొద్దీ పక్కల నుంచి ఇసుక జారి గుంట పూడిపోతోంది. చివరికి అడుగు నుంచి ఒక పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసనే లేదు బిడ్డా. గింత ఇసుక పోసి నీళ్లు పోసుడు మర్చిండు దేవుడు."

"ఎప్పుడో లక్షల ఏండ్ల కింద ఉండెనట నాయినా. పోయినయి."

"పోయినయా, దాసుకున్నయా?"

నేను జవాబు చెప్పేలోపు ఈల వినిపించింది. తర్వాత భావూ గొంతు, నాన్న పేరు. రెండుసార్లు. నాన్న కదల్లేదు. ఆ చల్లటి సాయంత్రంలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నేను "నాయినా" అని మూడుసార్లు అరవాల్సి వచ్చింది. మూడోదానికి లేచి బట్టలు దులుపుకున్నాడు. అప్పటికే డ్రైవరు బస్సు స్టార్టు చేసి ఉన్నాడు. భావూ మా మీద ఒంటికాలి మీద లేచాడు. నాన్న ఆయన్ని ఓపిగ్గా విని, "ఇసుక మీద ఉంటి గద" అన్నాడు, అంతకంటే చెప్పడానికేముందన్నట్టు.

ఆ రోజు నుంచి బస్సులో నాన్నను ఆటపట్టించడం ఒక కాలక్షేపమైంది. పకోడీలు ఇచ్చేటప్పుడు కూడా మూడుసార్లు పిలిచేవాళ్లు. నాన్న వాళ్లతో కలిసి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. రోజులు గడిచే కొద్దీ సముద్రం దగ్గరపడుతోంది.

గిర్ అడవిలో మమ్మల్ని ఒక ఓపెన్ బండిలో తీసుకెళ్లారు. ఆ రోజుల్లో సింహాలను చూపించడానికి దున్నపోతు దూడను కట్టేసేవాళ్లు. ఆ సంగతి మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఎండుగడ్డి మధ్య ఒక మోదుగ చెట్టుకు కట్టేసి ఉంది దూడ. మా ఊరి దూడల్లాగే ఉంది, నుదుటి మీద తెల్ల మచ్చతో. మాతో వచ్చిన ఫారెస్టు గార్డు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఆకులు కదలడం లేదు. దూడ మా బండి వైపు చూసి ఒకసారి అరిచింది. కాసేపాగి మళ్లీ అరిచింది. నాన్న నా మణికట్టు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. గడ్డిలోంచి వచ్చిన ఆడసింహాన్ని బండిలో అందరూ చూశారు, నేను తప్ప. నేను నాన్న మొహం చూస్తున్నాను.

తిరుగు దారిలో ఆయన ఒక్క మాటే అన్నాడు.

"మూడోసారి ఒర్రలేదు బిడ్డా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎట్ల ఒర్రుతది? సింహం పట్టె గద" అన్నాను. "అదే అంటున్న నేను" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నేనూ తినలేకపోయాను.

భావ్‌నగర్ దగ్గరి ఆ తీరానికి మేము చేరేసరికి సముద్రం లేదు. నిజంగానే లేదు. కనుచూపు మేర తడి ఇసుక, బురద, అలలు గీసి వదిలిన గీతలు. దూరంగా నీళ్ల మధ్య ఉండాల్సిన శివుడి జెండా ఆరుబయట ఎగురుతోంది. జనం మైలు దూరం నడిచి వెళ్లి దండం పెట్టుకుని వస్తున్నారు. ఆటుపోట్ల గురించి నేను పిల్లలకు పాఠం చెప్పినదాన్నే. చంద్రుడి బొమ్మ గీసి, బాణం గుర్తులు వేసి. కానీ ఇంత నీరు ఇలా తప్పుకుని ఎక్కడో నిలబడి ఉంటుందని నా ఊహకు అందలేదు.

నాన్న మాత్రం చాలాసేపు చూసి, "గిదో, గీడ దాసుకున్నయి" అన్నాడు.

భావూ గట్టిగానే చెప్పాడు. నీళ్లు తిరిగి వస్తాయి, ఈల వినగానే వెనక్కి రావాలి, ఎవరూ ఆగకూడదు. నేను అది తెలుగులో మళ్లీ చెప్పాను. "నాయినా, ఇయ్యాల మూడు పిలుపుల లెక్క లేదు. ఈల ఇనంగనే రావాలె." నాన్న సరేనని తలూపాడు. దర్శనం దాకా ఆయన చెయ్యి వదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు మా గుంపులోని ఒక ముసలమ్మ బురదలో జారి కూలబడింది. ఆమెను లేపడానికి చెయ్యి వదిలాను. ఇద్దరు ఆడవాళ్లం ఆమెను ఆనించుకుని నడిపిస్తున్నాం. నాన్న వెనకే వస్తున్నాడనుకున్నాను.

ఈల మోగింది. భావూ గొంతు నాన్న పేరు పిలిచింది. మళ్లీ పిలిచింది. అంతే, ఆ తర్వాత అందర్నీ "చలా, చలా" అని ఒడ్డుకు తోలుతూ ముందుకు వెళ్లిపోయాడు.

వెనక్కి తిరిగి చూస్తే నాన్న అంత దూరాన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వీపు మా వైపు. రెండు చేతులూ ఇసుకలో ఆడుతున్నాయి. చెలిమె తవ్వుతున్నాడు. ఎడారిలో దొరకని నీళ్లు ఇక్కడ వెతుకుతున్నాడు. ఆయనకు అవతల, ఇసుక రంగు మారుతోంది. చప్పుడు లేదు. మంజీరకు వరద వస్తే మైలు దూరం నుంచే హోరు వినిపిస్తుంది, పశువులు కూడా పసిగడతాయి. ఈ నీళ్లు చాప పరిచినట్టు వస్తున్నాయి.

పై ప్రాణాలు పైనే పోయాయి. ముసలమ్మను వదిలి పరుగెత్తాను. "నాయినా!" అని అరిచాను. గాలి ఎదురుగా ఉంది. నా పిలుపు నా మొహానికే తిరిగి కొట్టింది. అది ఆయనకు వినిపించిందో లేదో, లెక్కలోకి వచ్చిందో లేదో నాకు తెలియదు. మళ్లీ అరిచాను. మళ్లీ. కాళ్లు పిక్కల దాకా దిగబడుతున్నాయి. నా పక్క నుంచి నీళ్లు నాకంటే ముందు ఆయన దగ్గరికి వెళుతున్నాయి. నాకు ఆ దూడ గుర్తొచ్చింది. ఎన్నిసార్లు అరిచానో చెప్పలేను, చివరికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

సరిగ్గా అప్పుడు, నా నోట మాట లేనప్పుడు, నాన్న "ఓ" అన్నాడు. లేచి నిలబడ్డాడు. తిరిగాడు. కానీ తిరిగింది నా వైపు కాదు, పక్కకు. అక్కడ బురద తప్ప ఎవరూ లేరు. అటే నాలుగడుగులు వేశాక నన్ను చూశాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఒడ్డు దగ్గరపడేసరికి నడుము లోతు నీళ్లలో ఉన్నాం. భావూ ఎదురొచ్చి, బట్టలతోనే నీళ్లలోకి దిగి నాన్నను రెండో పక్క పట్టుకున్నాడు. ఒడ్డెక్కాక తిట్టకుండా బస్సులోంచి దుప్పటి తెచ్చి కప్పాడు.

ఒడ్డున దుప్పటి కప్పుకుని కూర్చున్న నాన్నను నేనే తిట్టాను. ఈల వినలేదా, నేను చెప్పింది చెవిన వేసుకోలేదా, గొంతు చించుకుని అన్నిసార్లు అరిచాను కదా అని ఏడుస్తూ తిట్టాను. నాన్న నెమ్మదిగా విన్నాడు.

"నువ్వు రెండుసార్లే పిలిచినవు బిడ్డా."

"అన్నిసార్లు పిలిచిన నాయినా!"

"రెండే ఇన్న. మూడోసారి పిలిచింది నువ్వు గాదు." నీళ్ల వైపు చూశాడు. "మా అన్న."

నాకు కోపం రాలేదు. భయం వేసింది. ఇరవై ఏళ్లుగా కొట్టిపారేసిన మాట, ఒంటి నుంచి ఉప్పునీళ్లు కారుతుండగా మొదటిసారి నమ్మాను. నీళ్లలో పోయినవాళ్లు మూడోసారి కూడా పిలవగలిగితే, ఇక ఆయన ఏ పిలుపుకు పలక్కుండా ఆగుతాడు?

ఇంటికి రాగానే అమ్మ నాన్నను తల నుంచి పాదాల దాకా తడిమి చూసి, "పైలంగ తెచ్చినవ్ బిడ్డా" అని నా తల నిమిరింది. నేను ఊఁ అన్నాను.

మంజీర ఎండింది. నాన్న ఇసుకలోకి దిగాడు. ఈసారి ఎవరు పిలిచినా ఒక్క పిలుపుకే పలుకుతున్నాడని ఊళ్లో నవ్వుకున్నారు. సముద్రం చూసొచ్చి మారిపోయిండు అన్నారు. వేసవి సెలవులివ్వగానే అన్నం మూట పట్టుకుని నేనే వెళ్లడం మొదలుపెట్టాను. మొదటి రోజు గట్టు దిగుతుంటే, నేను ఇంకా నోరు తెరవకముందే, నాన్న పాదుల మధ్య నుంచి "ఓ" అన్నాడు. నా వైపు చూడలేదు. చేతిలోని గంప కింద పెట్టి, అవతలి గట్టు కింద మిగిలిన సన్నటి నీటి పాయ వైపు నడిచాడు.

నేను పిలవలేదు. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడి చూశాడు.

"నువ్వు పిలిచినవా బిడ్డా?"

"లేదు నాయినా."

నాన్న ఇంకోసారి పాయ వైపు చూసి, ఉన్నచోటనే కూలబడ్డాడు. నేను అన్నం మూట విప్పి, నీళ్లకూ ఆయనకూ మధ్య కూర్చున్నాను.