రహస్యం లేని ఆవకాయ

మా ఆవకాయ కొట్టుకి మలేషియాలో ఫ్రాంచైజీ ఇస్తారా అని అక్కడ హోటల్ నడిపే ఒకాయన ఫోన్ చేసిన రోజు, మా అత్తయ్య వీధి మొత్తానికి పరమాన్నం పంచింది. నెల తిరక్కుండా పాస్‌పోర్టు తెప్పించుకుంది. కౌలాలంపూర్‌లో మన బోర్డు కింద నిలబడి ఒక్క ఫోటో దిగితే చాలు, ఈ జన్మకి ఇంకేమీ అక్కర్లేదంది. నాకైతే కాళ్ళు నేల మీద నిలవలేదు.

మా ఇద్దరికీ కళ్ళెం వేసింది, నూజివీడులో మా ఇంటికొచ్చిన విజయవాడ లాయరుగారు. అక్కడి చట్టం ప్రకారం ముందు మన పేరూ గుర్తూ అక్కడ రిజిస్టరు చేయించాలట. ఫ్రాంచైజీ అమ్మేముందు వాళ్ళ రిజిస్ట్రారు అనుమతి తీసుకోవాలి. మన వ్యాపారం వివరాలన్నీ కాగితం మీద పెట్టి, సంతకానికి ముందే ఆ హోటలాయన చేతికివ్వాలి. సంతకం పెట్టాక కూడా ఆయన మనసు మార్చుకోవడానికి కొన్ని పనిదినాల గడువుంటుంది.

"పెళ్ళికి కూడా ఆ గడువుంటే ఎంత బాగుండేదమ్మా!" అంది అత్తయ్య, మావయ్యగారి వైపు చూసి. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

లాయరుగారు పెన్ను తీశారు. "ఇక అసలుది, మీ కొలతలు. మీకు తప్ప ఇంకెవరికైనా తెలుసా అండీ?"

"తెలియందెవరికి?" అంది అత్తయ్య గర్వంగా.

ఏటా వేసవిలో మా వీధిలో ఎవరు కాయ కొట్టించినా మొదటి గుప్పెడు ఆవిడే కలపాలి. ఆవిడ హస్తవాసి మంచిదని అందరి నమ్మకం. కలుపుతూ కొలతలన్నీ పాఠంలా అప్పజెబుతుంది. చాలదన్నట్టు, అదే నిమిషంలో గుమ్మంలోంచి పక్కింటావిడ అందుకుంది: "ఆవపిండి సోలెడు కాదండోయ్, సోలన్నర. సరిగ్గా రాసుకోండి."

లాయరుగారు పెన్ను మూసేశారు. ఊరందరికీ తెలిసినదాన్ని ఒప్పందంలో రహస్యమని రాయలేమన్నారు. ఇకనుంచైనా బయట ఎవరికీ చెప్పనని, కలపనని అత్తయ్య రాసిస్తే అవతలివాళ్ళని ఒప్పించి చూస్తానన్నారు.

"రేపు ఎదురింటివాళ్ళు కాయ కొట్టిస్తున్నారు. నేను వెళ్ళకపోతే ఎలా?" అని అత్తయ్య లేచి, పాస్‌పోర్టు తీసుకెళ్ళి బీరువాలో చీరల అడుగున పెట్టేసింది. నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేసిందని నాకు ఒళ్ళు మండింది. ఆవిడ చాటుగా కళ్ళు తుడుచుకోవడం చూశాక సిగ్గేసింది.

మలేషియాకి నేనే ఫోన్ చేసి, మా దగ్గర రహస్యమేమీ లేదని చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వారు.

"కొలతలు మా ఆవిడకీ తెలుసండీ, వాళ్ళది మీ పక్కనున్న విస్సన్నపేటే. ఎన్నిసార్లు కలిపినా మీ రుచి రాదు. పేరివ్వండి, మీ అత్తగారి చేత నేర్పించండి, చాలు."

రహస్యం షరతు కొట్టేసి శిక్షణ షరతు చేర్చారు: వేసవిలో, నూజివీడులో, మా వీధిలో ఇంటింటా. అది చదువుతుంటే లాయరుగారికే నవ్వాగలేదు.

అనుమతులు వచ్చి సంతకాలయ్యేసరికి మళ్ళీ కాయ దిగింది. గడువు ఆఖరి రోజు గోళ్ళు కొరుక్కుంటూ కొట్లో కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"మనసు మార్చుకున్నామండీ," అన్నారాయన. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "శిక్షణకి మా ఆవిడ ఒక్కతే అనుకున్నాం కదా, నేనూ వస్తాను."

చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి పరుగెత్తాను. అత్తయ్య మోచేతుల దాకా కారంలో ఉంది. విని, తలెత్తకుండానే అంది: "చీరల అడుగున పాస్‌పోర్టుంది, తీసి పైన పెట్టమ్మా. నా చేతులు ఖాళీ లేవు."