మామ నేర్పిన బోసా తాళం

మా మామ పోయిండు. నా పెనిమిటి తండ్రి, బల్లార్‌పూర్‌ల నలభై ఏండ్లు ప్యాంట్లు, షర్టులు కుట్టిన టైలర్, నాకు గిటార్ నేర్పిన గురువు. పొద్దున చాయ్ తాగిండు, "ఇయ్యాల ఆ మూడో మలుపు సరిజేద్దాం" అన్నడు, గోడకు ఒరిగి కూసున్నడు. మళ్ల లేవలే. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందుగాల కోపమొచ్చింది. తొమ్మిది దినాలల్ల ప్రోగ్రాం పెట్టుకొని గిట్ల పోతరా ఎవలన్న? నా కోపం సంగతి మా వాడకట్టంత ఎరుకే, మీకు గూడ ముందే చెప్తున్న.

ఆ ప్రోగ్రాం కథ చెప్తె గాని మా మామ మీకు సమజ్ కాడు. వయసుల ఉన్నప్పుడు పగలు బట్టలు కుట్టేటోడు, పెండ్లిళ్ల సీజన్ల ఆర్కెస్ట్రాల గిటార్ కొట్టేటోడు. ముందల నిలబడి మెరిసే గిటార్ గాదు, ఎనక కూసోని తాళం పట్టే గిటార్. నాలుగేండ్ల కింద కుడిచేతికి వణుకు పట్టింది. కత్తెర పక్కకు పెట్టిండు, గిటార్ గోడ మొలకు తగిలేసిండు. పోయిన వానకాలం ఆ ఆర్కెస్ట్రా ముసలోళ్లంత కూడబలుక్కొని, చంద్రపూర్‌ల ఒక హాలు మాట్లాడి, ఒక్కసారి మళ్ల కలిసి వాయిద్దామనుకున్నరు. డ్రమ్స్ కొట్టే మరాఠీ కాక మా ఇంటికొచ్చి, "నీ జాగల ఎవలన్న పోరగాన్ని పిలుస్తం, నువ్వు ముందల కుర్చీల కూసో" అన్నడు. మామ చాయ్ తెస్తున్న నన్ను చూపిచ్చి, "ఎవల్ని పిలువకు. నా కోడలు కొడ్తది" అన్నడు.

నా చేతుల పళ్లెం ఉన్నది కాబట్టి సరిపోయింది, లేకుంటె కాక ముందలనే అరిచేదాన్ని. గిటార్ అంటె నాకు వారానికోసారి దుమ్ము దులిపే సామాను, అంతే. ఆ కాక గల్మ దాటంగనే నేను మామ మీదికి లేచిన. "మామా, నన్నొక్క మాట అడగొద్దా? నలుగురిల నా ఇజ్జత్ పోవాల్నా?"

"ఇజ్జత్ నాది పోతది, నీదెందుకు పోతది?" అన్నడు నిమ్మళంగ. "నువ్వు గిటార్ తుడుస్తుంటె చూసిన. బట్టను తీగలెంబడి నడిపిస్తవు, అడ్డం గుంజవు. నీకు ఎవలు నేర్పలే గది."

గంత చిన్న మాటకు పడిపోయిన నేను. ఏం జేస్తం, మెచ్చుకుంటె ఎవలు పడరు చెప్పుండ్రి.

వాళ్లు వాయించే పాటలల్ల మామ ప్రాణం ఒక్కదాని మీదనే ఉండె. అది బోసా నోవా తాళంల నడుస్తది. మామ ఉత్త బోసా అనేటోడు. బ్రెజిల్ అనే దేశంల సముద్రం ఒడ్డున పుట్టిందట. సముద్రం మొఖం చూడని మా మామకు అది ఎట్ల వచ్చిందంటె, గోవా దిక్కు నుంచి వచ్చిన ఒక రైల్వే గార్డు నేర్పిండు. డ్యూటీ మీద వచ్చినప్పుడల్ల గార్డులు పండుకునే రూముల, ఒక్కో రాకకు ఒక్కో తీరు. ఆయన మళ్ల వచ్చేదాక మామ అదే తీరు అరిగేదాక కొట్టాలె. "రైలు లేటయితె నా చదువు లేటు" అని నవ్వేటోడు. ఒకసారి నేను అడిగిన, సముద్రం లేని ఊర్ల ఈ తాళం ఎట్ల నిలబడ్తది మామా అని. "మన వర్ధా నది లేదా? నీళ్లకు నీళ్లే" అన్నడు.

ఇగ నా తిప్పలు వినుండ్రి. ఎడమచేతికి నాలుగు కార్డులు, అంటె తీగలను ఒత్తిపట్టే తీర్లు, పది దినాలల్ల వచ్చినయి. కుడిచెయ్యి కాడ బండి ఆగింది. నాలుగు లెక్కల తాళంల బొటనవేలు మోటు తీగ మీద గడియారం లెక్క పోవాలె: ఒకటి, మూడు, ఒకటి, మూడు. కడమ మూడు వేళ్లు కలిసి సన్న తీగలను గుంజాలె. ఒకటి మీద ఒకసారి, రెండు దాటినంక మూడు రాకముందు ఒకసారి, నాలుగు మీద ఒకసారి. రెండో చుట్టుల మళ్ల వేరే జాగలు. చెప్తుంటెనే నాలుక మడతవడ్తుంది, వేళ్ల సంగతి అనుకోండ్రి! నేనేమో చిన్నప్పటి సంది బతుకమ్మ ఆడిన దాన్ని. అడుగు పడ్డప్పుడే చప్పట్లు పడాలె, అటిటు అయితె పక్కామె మోచేత్తోని పొడుస్తది. నా అయిదు వేళ్లు కూడ గట్లనే, అన్నీ ఒక్కసారే దబదబ.

"కోడలా, నీ గిటార్ బతుకమ్మ ఆడ్తుంది" అని మామ కడుపు పట్టుకొని నవ్వేటోడు. నాకు మండి గిటార్ మంచం మీద పడేసి పోయేదాన్ని. పావుగంటకు మళ్ల వచ్చేదాన్ని.

చూపిద్దామంటె మామ చెయ్యి వణుకుతుండె. నోటితోనే చెప్పాలె. బొటనవేలుకు దుం, వేళ్లకు చక్. మామకు తెలుగు రాయరాదు, మరాఠీ బడి చదువు; నాకేమో మరాఠీ చదవరాదు. అందుకని బట్ట కొలతలు గీసే ఖాకీ కాయితం మీద సుద్దముక్కతోని గీతలు పెట్టిచ్చేటోడు: దుం పొడుగు గీత, చక్ పొట్టి గీత. చెయ్యి వణికి ఆ గీతలు వంకరపోయేటియి. "వంకర చూడకు, జాగ చూడు" అనేటోడు.

ఒకనాడు కుట్టుమిషన్ బెల్టు తప్పించిండు. "కూసో, తొక్కు" అన్నడు. నేను తొక్కుతున్న. "ఇప్పుడు మిషన్ బల్ల మీద చక్ చక్ కొట్టు." కొట్టిన. కాలు ఆగింది. మళ్ల తొక్కిన, చెయ్యి ఆగింది.

"షర్టు చంక గుండ్రంగ కుట్టేటప్పుడు చెయ్యి బట్టను ఎట్లెట్లనో తిప్పుతది. కాలు ఎన్నడన్న చేతినడిగిందా, ఎటు పోతున్నవని? నీ బొటనవేలు కాలు, కడమ వేళ్లు చేతులు. వాటికి తగువు పెట్టకు, ఎవల వాటా వాళ్లకియ్యి."

ఇగ చూడుండ్రి! రెండు నెలలు దారం లేని, బెల్టు లేని మిషన్ తొక్కిన. కిటికీల నుంచి చూసినోళ్లు నవ్విండ్రు. మా అత్తయితె, "బట్ట లేదు, సూది లేదు, మామకు కోడలికి కలిసే పిచ్చి లేసింది" అని రోజు గులుగుడే. గులుగుకుంటనే గిన్నెలు మొత్తం తానే తోమేది. ఎందుకత్తా అంటె, "గోర్లు విరుగుతె తీగ పలకదట గదా, మీ మామ చెప్పిండు" అని మొఖం అటు తిప్పుకునేది.

ఆ తాళం చేతికి పడ్డనాడు తలుచుకుంటె నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తది. మధ్యాన్నం. పొయ్యి మీద పప్పు, ఒళ్లె గిటార్. నా ధ్యాసంత కుక్కర్ కూతల మీద, రెండయినయా మూడయినయా అని. చెయ్యి ఊకె ఆడుతుంది. ఉన్నట్టుండి విన్న. దుం తన దారిన దుం పోతుంది, చక్ తన దారిన చక్ పోతుంది! అయ్యో నా తల్లి, నా చేతుల ఇద్దరు మనుషులున్నరు! "మామా, విడిపోయినయి, విడిపోయినయి!" అని ఒర్రిన. అత్త లోపలి నుంచి ఉరికొచ్చి "ఎవలే, ఎవలు విడిపోయింది?" అన్నది. మామ లేచి నిలబడ్డడు. వణికే చేత్తోనే తొడ చరుసుకుంట "ఆగకు, ఆగకు, ఆగకు!" అంటుండు, కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. నేను ఆగలే. పప్పు మాడి వాడకట్టంత వాసనొచ్చింది. ఆ మాడు పప్పే మామ రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్నడు.

గట్ల కుదిరినంక గూడ, ఆ పాట మూడో మలుపు కాడ కార్డు మారేటప్పుడు మాత్రం తడబడేదాన్ని. అది సరిజేద్దామన్న పొద్దుననే మామ పోయిండు.

ప్రోగ్రాం సరిగ్గ తొమ్మిదో దినం పడ్డది. నేను పోనని డ్రమ్స్ కాకకు ఫోన్ చెయ్యమని నా పెనిమిటికి చెప్పిన. మామ అక్క గూడ అదే అన్నది: "దినాలు కాకముందె పాటలకు పోతరా? లోకం ఏమంటది?" నిజమే గదా అనిపిచ్చింది. అప్పటిదాక మా అత్త ఎనిమిది దినాల సంది మాట్లాడలే, ఏడ్వలే. ముద్ద పెడితె తినేది, లేకుంటె లేదు. ఆమె లేచింది. మొల మీది నుంచి గిటార్ దించి నా ముందల పెట్టింది.

"వదినా, ఆయన నలుగురి ముందల మాట ఇచ్చిండు. మాట ఇంట్ల పడి ఉంటె ఆయనకు దారెట్ల దొరుకుతది? అది పోవాలె" అన్నది. తెల్లారి నేను గిటార్ పట్టుకొని చంద్రపూర్ బండెక్కిన.

హాలుల పాతిక కుర్చీలు గూడ నిండలే. నాకైతె లక్ష మంది లెక్క కనవడ్డరు. డ్రమ్స్ కాక కట్టెలు కొట్టి నాలుగు లెక్కపెట్టిండు. దుం పడ్డది. చక్ పడ్డది. పాట ఎక్కింది. మూడో మలుపు కాడ ఒక చక్ జారిపోయింది, గని బొటనవేలు దాని దారిన అది పోతనే ఉన్నది. మిగిలినయి ఉరికొచ్చి దాన్ని కలుసుకున్నయి. అప్పుడు చూడాలె నా సంబురం! పోయినోని దినాలల్ల గంత సంబురపడొచ్చునా అని మీరడుగుతె అడుగుండ్రి. నేను పడ్డ. పాట అయినంక డ్రమ్స్ కాక కట్టెలు కింద పెట్టి, "ఛాన్, సూన్‌బాయీ, ఛాన్!" అన్నడు. మస్తు కొట్టినవు కోడలా అని.

పొద్దు వంగేయాల్లకు ఇల్లు చేరిన. అత్త గల్మలనే కూసోనున్నది.

"మీ మామ మాట దక్కిందా?"

"దక్కింది అత్తా."

అత్త లేచి, కొంగు నడుముకు చెక్కుకొని, గేటు కాడికి పోయింది. ఎదురింటామె రోడ్డు పక్క నల్లా కాడ బకెట్ పెట్టి నిలబడ్డది. తొమ్మిది దినాలాయె మా ఇంట్ల అందరం గుసగుసలే మాట్లాడుతున్నం. మా అత్త ఎలుగెత్తి, "ఓ వదినె! ఇన్నవా? నా కోడలు కొట్టొచ్చింది! మా ఇంటాయన జాగల కూసోని కొట్టొచ్చింది!" అని ఒర్రింది. ఒర్రుకుంటనే ఏడ్చుడు మొదలువెట్టింది. ఎదురింటామె నల్లా బందు చెయ్యడం మరిచి ఇటు ఉరికొచ్చింది. బకెట్ నిండి, నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నయి, మా అత్త ఆమె రెండు చేతులు పట్టుకొని మొత్తం మళ్ల మొదటి సంది చెప్తుంది.