పుండు పూడేదాకా యాసిడ్ ముట్ట

వసంత నేల తుడిచే టవర్ కొండాపూర్‌లో ఉంది. దాని అద్దాల్లో బయటి ఆకాశం కనిపిస్తుంది, మబ్బులు కనిపిస్తాయి, లోపల తుడిచే మనిషి మాత్రం కనిపించదు. హఫీజ్‌పేట్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే షేరింగ్ ఆటో ఎక్కి వచ్చే వసంతకు ఆ సంగతి బాగానే తెలుసు. కనిపించకపోవడం గురించి ఆమెకు పెద్దగా పరేషాన్ లేదు. పరేషాన్ అంతా ఆమె కుడిచేతి గురించే.

బాత్రూం టైల్స్ మీది పసుపు మరకలు సబ్బుకు పోవడం లేదని కాంట్రాక్టర్ ఘాటు యాసిడ్ పంపాడు. దానితోపాటు పంపాల్సిన గ్లౌజులు పంపలేదు. పాత జతే షిఫ్టు మారినప్పుడల్లా చేతులు మారేది. వేళ్ల దగ్గర చిరిగిన ఆ గ్లౌజులోకి యాసిడ్ దిగి, వసంత చేతి వెనక తోలు లేచిపోయింది. వారాలు గడిచినా పుండు మానలేదు.

మానకపోవడానికి మరో కారణం కూడా ఉంది. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లలో ఒక అలవాటు ఉంది. గాజు గీరుకున్నా, చర్మం కాలినా, నేల తుడిచే నీలం మందే మూతతో తీసి గాయం మీద పోసుకుంటారు. నేల మీది పురుగుల్ని చంపేది చేతి మీది పురుగుల్ని చంపదా అని వాళ్ల లెక్క. అందరికంటే పెద్దదైన అమ్మణ్ణి దగ్గర ఈ వైద్యం అందరూ నేర్చుకున్నారు. ఎంత మండితే అంత పనిచేస్తున్నట్టు. దవాఖానకు పోవాలంటే ఒక పూట పని పోతుంది, నీలం మందు మాత్రం పక్కనే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం వసంత అలా పోసుకుంటుండగా సుష్మ చూసింది. నాలుగో అంతస్తులో ఒక పరిశోధనశాల ఉంది. కణాలు ఎలా కదులుతాయో అక్కడ చూస్తుంటారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన సుష్మ అందులో పనిచేస్తుంది.

"ఏందక్కా, పుండు మీద అది పోస్తాండావ్?"

వసంత చేయి వెనక్కి దాచుకుంది. సుష్మ ఉపన్యాసం ఇవ్వలేదు. రా అక్కా, ఒకటి చూపిస్తా అని లోపలికి తీసుకుపోయింది. ఆ గది నేలను ఎన్నిసార్లు తుడిచినా, అక్కడి స్టూలు మీద వసంత కూర్చోవడం అదే మొదలు.

కంప్యూటర్ తెర మీద చర్మ కణాలు పరిచిన చాపలా ఉన్నాయి. వాటి మధ్య ఒక ఖాళీ గీత. ఆ గీత మేమే గీస్తాం, గాయమన్నట్టు, అంది సుష్మ. రోజంతా తీసిన ఫొటోలు గబగబా కదిలాయి. రెండు ఒడ్డుల నుంచి కణాలు అంచులు చాచి, నేలను పట్టుకుని, వెనక కాలు విడిపించుకుని, పాకుతూ వచ్చి గీతను కప్పేశాయి.

కణం లోపల కూడా ఒక అస్థిపంజరం ఉంటుందని సుష్మ చెప్పింది. యాక్టిన్ అనే సన్నని పోగులు అంచును ముందుకు తోస్తాయి, ఒళ్లును లాగుతాయి. వాటికంటే లావుగా సూక్ష్మనాళికలు ఉంటాయి. అవి సరుకు నడిచే రోడ్లు. ఈ రెండింటినీ చెరో చేత్తో పట్టుకునే పెద్ద ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. వాటి పట్టు వల్లే నాళికలు పోగుల వెంట పెరిగి, కణం నేలకు అతుక్కున్న చోటికి సరిగ్గా చేరతాయి. అప్పుడే ఆ అతుకు వదులవుతుంది, కాలు లేస్తుంది, కణం ఒక దిక్కుకు నడుస్తుంది.

మరో ఫొటోల వరస పెట్టింది. అందులో అలాంటి ఒక ప్రొటీన్ తీసేసిన కణాలు. పోగులున్నాయి, నాళికలున్నాయి, కానీ దేని దారి దానిది. కాళ్లు అతుక్కుపోయి, అటు కొంచెం ఇటు కొంచెం లాక్కుంటున్నాయి. గీత చాలావరకు అలాగే మిగిలిపోయింది.

"పాపం, వీళ్లకు దారి చెప్పెటోళ్లు లేరా?" అంది వసంత.

"చెప్పేవాళ్లు కాదక్కా, రెండింటినీ కలిపి పట్టుకునేది లేదు. నీ చేతిలో అది బాగానే ఉంటాది. నీ కణాలు నడుస్తానే ఉండాయి. నువ్వే రోజూ మందు పోసి చంపుతాండావ్."

వసంత తన చేతిని తిప్పి చూసుకుంది. తర్వాత తల ఎత్తింది. "మందు పోసింది నేనే, ఒప్పుకుంట. యాసిడ్ పంపినోన్ని ఏమంటవు మరి?"

సుష్మ తెర ఆపేసి లేచింది. నేను డాక్టర్‌ను కాదు, ముందు దవాఖానకు పో అని మాత్రం అంది.

వసంత పోయింది. గాయాన్ని శుభ్రమైన నీళ్లతో కడిగి, కట్టు కట్టి ఉంచాలని, మానేదాకా ఏ మందు నీళ్లూ తగలకూడదని డాక్టర్ చెప్పాడు. అమ్మణ్ణి మొదట మూతి విరిచింది. కొన్నాళ్లకు పుండు అంచుల నుంచి గులాబీ రంగు చర్మం లోపలికి జరుగుతుంటే చూసి, నీలం మందు జోలికి తనూ పోవడం మానేసింది.

సగం పూడిందో లేదో, సూపర్‌వైజర్ సంతోష్ బేస్‌మెంట్ గదిలోకి వచ్చాడు. మర్నాడు విదేశీ క్లయింట్లు వస్తున్నారట, బాత్రూములన్నీ మెరవాలట. యాసిడ్ క్యాన్ తెచ్చి వసంత ముందు పెట్టాడు.

"పుండు పూడేదాకా ముట్ట," అంది వసంత.

జర సమజ్ చేసుకోమన్నాడు. కవర్ చుట్టుకోమన్నాడు. చివరికి విసుగొచ్చి, నీ ఒక్కదానికే ఉందా చెయ్యి అన్నాడు. క్యాన్ అమ్మణ్ణి వైపు జరిపాడు. అమ్మణ్ణి చేతులు కొంగులో పెట్టుకుంది.

"కొత్త గ్లౌజులు తెచ్చినంక పిలువు బిడ్డా. గప్పటిదాంక నాకు గూడ ఒక్కటే చర్మం."

మిగతా వాళ్లు నవ్వారు, కానీ ఎవరూ లేవలేదు. సంతోష్ కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు, అందరూ విని భయపడతారని. వసంత యాసిడ్ ముట్టనంటోందని చెప్పగానే, ఆమెను తీసెయ్, రేపటికి ఇంకొకామె దొరుకుతుంది అంది ఫోన్.

ఇలాంటి చోట చాలామంది బతిమాలతారు. బతిమాలడం తప్పని నేననను, గది కిరాయి ఎవరికీ ఆగదు. వసంత మాత్రం ఫోన్ దగ్గరికి జరిగింది.

"సార్, వసంతను మాట్లాడుతున్న. నా చేతిల కొత్త చర్మం నడుసుకుంట వస్తుంది. దాన్ని యాసిడ్ల ముంచ. తీసేస్తే తీసెయ్యుండ్రి. ఎందుకు తీసేసిన్రో రేపు లాబీల నిలబడి, కట్టు విప్పి, వచ్చినోళ్లందరికి నేనే చూపిస్త."

ఫోన్‌లో దగ్గు వినిపించింది. తర్వాత, సంతోష్, స్పీకర్ తియ్యి అన్న మాట.

సంతోష్ బైకు వేసుకుని మదీనాగూడ పోయాడు. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, అందరికీ తలా ఒక జత తెచ్చాడు. వసంతకు అద్దాలు తుడిచే పొడి పని ఇచ్చాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, ఆమె వైపు చూడకుండా, క్లయింట్లు పోయాక కాంట్రాక్టర్ నిన్ను వేరే సైటుకు మారుస్తాడంట అన్నాడు.

వసంత ఎడమచేత్తో గుడ్డ దులిపింది.

"గా సైటుల బాత్రూములు లేవా సంతోషూ? గక్కడోళ్లకు గూడ గ్లౌజులు అడుగుత."