దవాఖాన సీటు మీద తువ్వాల

పోయిన సోమవారం పొద్దున బస్సులో కూర్చున్న నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే పైకి లేచి గాలిలో దేనికోసమో తడుముకుంది. కొలువు వదిలి ఇన్నేళ్ళయినా ఆ చేతికి ఇంకా బుద్ధి రాలేదు. నేను కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ నెత్తి మీద గంట తాడు ఉండేది, ఒకసారి లాగితే బస్సు ఆగేది, రెండుసార్లు లాగితే కదిలేది. ఇప్పటి బస్సులో తాడూ లేదు, గంటా లేదు, ఆ మాటకొస్తే కండక్టరే లేడు. డ్రైవరే టికెట్టు కొట్టి, డ్రైవరే తలుపు మూసి, డ్రైవరే నడుపుకుంటాడు. నా చెయ్యి అలా గాలిలో ఉండగానే బస్సు సూర్యాపేట ముందర ఫ్లైఓవర్ ఎక్కేసింది. కిటికీ కింద కొత్త దవాఖాన, దాని అద్దాలు, గేటు ముందు అంబులెన్సుల వరుస అన్నీ కనిపించి వెనక్కి జరిగిపోయాయి. పక్కన కూర్చున్న మా అక్క వంగి చూసి, "మంచిగ కనవడుతున్నది తమ్మీ. గింత దగ్గరికెల్లి సూస్తున్నం గదా, రోగం అదే తగ్గుతదేమో" అంది.

అక్కకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండు రోజులు, సోమ, గురువారాలు, ఆ దవాఖానలో డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి. కోదాడలో ఖాళీ దొరకలేదు. తను నడిగూడెం నుంచి ఆటోలో మునగాల దాకా వస్తుంది, నేను కోదాడలో బస్సెక్కి నా పక్క సీటు మీద తువ్వాల వేసి పట్టుకొని ఉంటాను, మునగాలలో ఎక్కి కూర్చుంటుంది. ఒక్కసారి తప్పినా ఒళ్ళు నీరు పడుతుందని, ఆ తర్వాత మీ చేతుల్లోనూ మా చేతుల్లోనూ ఏమీ ఉండదని డాక్టరు మొదటి రోజే మొహమాటం లేకుండా చెప్పాడు.

ఆ సోమవారం సంగతి చెబుతాను. బ్రిడ్జి దిగాక బస్సు హైవే మీదే మమ్మల్ని దింపి పోయింది. దవాఖాన వెనకే ఉండిపోయింది, సర్వీసు రోడ్డు పక్కనే ఉంది, కానీ హైవేకూ ఆ రోడ్డుకూ నడుమ ఛాతీ ఎత్తు ఇనుప కంచె. కిందటి నెల ఎవరో పుణ్యాత్ములు ఆ కంచెలో మనిషి పట్టేంత సందు కోశారు, మేమూ అందులోంచే దూరి పోయేవాళ్ళం. ఆ రోజు చూస్తే వెల్డింగు చేసేశారు, మీద నల్లరంగు కూడా పూశారు. తెల్లకోట్లు చేత పట్టుకున్న కాలేజీ పిల్లలు ఎక్కి దూకుతున్నారు. డెబ్బై దాటిన అక్క దూకుతుందా? కంచె ఎక్కడ తెగుతుందో అక్కడిదాకా ముందుకు నడిచి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి నడిచి గేటు చేరేసరికి మా వంతు దాటిపోయింది, మిషన్ ఇంకొకరికి పెట్టేశారు. సాయంత్రం మిషన్ ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాం. అక్క చెప్పులు విప్పి, వాచిన తన పాదాలను ఎవరివో అన్నట్టు చూసుకుంది. నాకు పుట్టిన రోత ఇంతా అంతా కాదు.

మీలో నా ఈడువాళ్ళకు మా పాత బస్సులు గుర్తుండే ఉంటాయి. మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు పొద్దున మొదటి బస్సు నాది. సగం మంది జనం, సగం అన్నం క్యారేజీలు. దవాఖానలో మనిషి పడ్డాడంటే ఊళ్ళోవాళ్ళు తెల్లారే వండి, గిన్నెల క్యారేజీకి గుడ్డ కట్టి, రోడ్డు మీద నిలబడి కండక్టరు చేతికి ఇచ్చేవారు. ఎవరి క్యారేజీ అని రాసుకునేది లేదు, ఊరి పేరే గుర్తు. సూర్యాపేట మొదట్లోనే పాత దవాఖాన, దాని గేటు ముందు నేను తాడు ఒక్కసారి లాగేవాణ్ణి. డిపో కాగితాల్లో ఎక్కడా అది స్టాపు కాదు. అయినా అక్కడ ఆగని బస్సు లేదు. రోగుల తాలూకు మనుషులు గేటులో కాచుకొని ఉండి, ఊరి పేరు పిలవగానే చేతులు చాపేవారు.

ఇంకొకటి, ముందు తలుపు పక్క మొదటి సీటు. డిపోలో బస్సు కదలకముందే దాని మీద నా తువ్వాల పరిచేవాణ్ణి, ఈ దారిలో తిరిగే కండక్టర్లందరూ పరిచేవారు. అది దవాఖాన సీటు. గర్భిణీ గానీ, జ్వరం మనిషి గానీ ఎక్కితే తువ్వాల తీసి కూర్చోబెట్టడం, లేకపోతే బస్టాండు దాకా ఖాళీగా తీసుకుపోవడం. నిలబడడానికి చోటు లేక ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటున్నా ఆ తువ్వాల మీద ఎవరూ కూర్చునేవారు కాదు. కొత్తవాడెవడైనా కూర్చోబోతే నేను చెప్పేదాకా ఎందుకు, వెనక ఉన్న ఆడవాళ్ళే వాడి ఏడు తరాలనూ తలుచుకునేవారు.

ఒకసారి ఒకే ఊరి నుంచి రెండు క్యారేజీలు వచ్చాయి. ఒకటి కామెర్ల మనిషికి, ఉప్పూ కారం లేని మజ్జిగన్నం. ఇంకొకటి బాలింతకు, వెల్లుల్లి కారం, నెయ్యి, మాంసం పులుసు. ఊరి పేరే గుర్తుగా బతికే నాకు రెండూ ఒకటే అయిపోయాయి, తారుమారు చేసి ఇచ్చాను. కామెర్ల మనిషి గిన్నెలు కడగాల్సిన పని లేకుండా నాకి పంపి, రేపు కూడా ఇదే పంపమని కబురు చేశాడు. బాలింత తల్లి మాత్రం మర్నాడు గేటు దగ్గర నన్ను పట్టుకొని, "మా బిడ్డ నీకేం పాపం జేసింది కొడుకా, గా సప్పిడి తిండి పెట్టిస్తివి" అని నలుగురిలో కడిగేసింది. కామెర్ల ఆయనకు ఏమీ కాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నా బస్సు ఎక్కినప్పుడల్లా, ఇయ్యాల నాకెవరి కూర తెచ్చినవని అడిగి నవ్వించేవాడు.

ఆ పాత దవాఖాన గొప్పదని నేను అనడం లేదు. వానొస్తే మంచాలు ఈ మూలనుంచి ఆ మూలకు జరిపేవారు, వరండాలో కుక్కలు పడుకునేవి, సూది మందుకు బయటికి పరుగెత్తాలి. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఏ ఊరికి పోయినా వీధికో దవాఖాన, లేని మిషన్ లేదు. చదువుకునే పిల్లలు వందల్లో వచ్చి పడ్డారు, హైవే మీద లారీలు విమానాల్లాగా పోతున్నాయి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లోనే శని. కోట్లు పోసి కట్టినవాళ్ళకు రోగి లోపలికి ఎట్లా వస్తాడన్న ఒక్క ఆలోచన రాలేదంటే ఏమనాలి? రాలేదని కూడా అనను. ఆ దవాఖాన తెరిచిన రోజు నేనక్కడే ఉన్నాను. పెద్దల కార్లు హైవే నుంచి నేరుగా గేటులోకి తిరగడానికి అదే కంచెను రెండు బారల మేర విప్పి పక్కన పెట్టారు. రిబ్బను కత్తిరించారు, దండలు పడ్డాయి, కార్లు పోయాయి. చీకటి పడకముందే కంచె మళ్ళీ బిగించారు. థూ అనబుద్ధేసింది, వయసు అడ్డొచ్చి ఊరుకున్నాను.

ఊరుకోకుండా అర్జీ రాసుకొని తిరిగాను కూడా. రోడ్డు చూసే ఆఫీసులో, బస్సులు ఫ్లైఓవర్ ఎక్కకుండా కింది నుంచి పోతే సరిపోతుంది గదా అన్నారు. బస్సుల ఆఫీసులో, కింద లారీలు నిలిపి పెడితే మేమెట్లా పోతాం, రోడ్డువాళ్ళను అడగండి అన్నారు. దవాఖానలో కుర్చీ వేసి నీళ్ళిచ్చి, లోపలికి వచ్చినవాళ్ళకు వైద్యం చేయడమే మా బాధ్యత అన్నారు. మూడు చోట్లా మర్యాదకు లోటు చేయలేదు. ఆ మర్యాదే నాకు ఇంకా అసహ్యం పుట్టించింది.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు కూడా చెప్పకపోతే ఈ రాసినదంతా అబద్ధమవుతుంది.

ఒకప్పుడు మా డిపోకు ఒక కొత్త అధికారి వచ్చాడు. స్టాపు కానిచోట బస్సు ఆపినందుకు నాకు మెమో ఇచ్చాడు. ఆ వారంలోనే ఒక రోజు చెకింగు వాళ్ళు బస్సులో ఎక్కారు. అంతకుముందే సాగర్ కాలువ కింద గొర్లు మేపుకునే ఒక ఆయన తన భార్యను ఎక్కించాడు. వాళ్ళది ఆత్మకూరు దిక్కు, మేత కోసం మందతో వచ్చి పొలాల్లోనే ఉంటున్నారు. ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. తువ్వాల తీసి నేనే కూర్చోబెట్టాను. పాత దవాఖాన గేటు రాగానే ఆమె మొగుడు నా మొహం చూశాడు. నేను చెకింగాయన మొహం చూశాను. నా చెయ్యి తాడు మీదే ఉంది, కానీ లాగలేదు. బస్సు బస్టాండులో ఆగింది. ఆమెను రెక్క పట్టుకొని వాళ్ళు ఎండలో వెనక్కి నడిచారు. గేటు ఇంకా అల్లంత దూరం ఉండగానే, ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టగా, రోడ్డు పక్కనే కాన్పయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. నాకీ సంగతి మర్నాడు గేటు దగ్గర క్యారేజీలు ఇస్తుంటే తెలిసింది.

కొన్నాళ్ళకు ఆ గొర్ల ఆయన అదే కాలువ దగ్గర చెయ్యెత్తి బస్సు ఆపాడు. వెనక ఆమె ఉంది, దవాఖానలో చూపించుకోవడానికి. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఒక కాలు మెట్టు మీద పెట్టి, నెమ్మదిగా, "దవాఖాన కాడ ఆపుతవా సారూ? ముందే జెప్పు. ఆపకుంటె ఎక్కం, గిడికెల్లే నడుస్తం" అన్నాడు. ఆపాను. ఆ రోజు నుంచి కొలువు దిగేదాకా ఆపుతూనే ఉన్నాను, ఇంకో రెండు మెమోలు వచ్చి పడ్డా లెక్క చేయలేదు. కానీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి. ఈ మాట నేను మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అక్కకైతే అసలే చెప్పలేదు.

మొన్న గురువారం ఎప్పటిలాగే కోదాడలో ఎక్కి పక్క సీటు మీద తువ్వాల వేశాను. మునగాలలో తలుపు తెరుచుకుంది. అక్క ఒక కాలు మెట్టు మీద పెట్టి, కమ్మీ పట్టుకొని, పైకి ఎక్కకుండా డ్రైవరును అడిగింది.

"దవాఖాన కాడ ఆపుతవా కొడుకా?"

డ్రైవరు మంచివాడే, మా ఇద్దరినీ ఎరిగినవాడు. నా వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. "గాడ స్టాపు లేదమ్మా. కింది నుంచి పోతె టైమైతది, నాకు మెమో ఇస్తరు" అన్నాడు. అతన్ని ఏమనను? తప్పు పట్టడానికి భూమ్మీద అర్హత లేనివాణ్ణి నేనే గదా.

అక్క కాలు వెనక్కి తీసుకుంది. "ఆపకుంటె ఎక్క. అంత దూరం నడిచి సచ్చేకంటె ఇంట్లనే ఉంట. నువ్వు పో తమ్మీ" అని తలుపుకు వీపు చేసి నిలబడింది. నేను కేకేసి, తడబడుతూ దిగిపోయాను. బస్సు పోయింది. ఇద్దరం మునగాల రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాం, ఎంత చెప్పినా ఇంకో బస్సు ఎక్కనంది, ఆటోలో అంత దూరం కూర్చోలేనంది. ఆ రోజు మిషన్ తప్పిపోయింది. ఇప్పుడు ఆమె పాదాలకు చెప్పులు పట్టడం లేదు.

నా తువ్వాల ఆ సీటు మీదే ఉండిపోయిందని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. వెనకటి రోజులైతే ఆ తువ్వాల మీద ఎవరూ కూర్చోకుండా సూర్యాపేట బస్టాండు దాకా పోయేది, కండక్టరు మడిచి తెచ్చి చేతికిచ్చేవాడు. ఈ రోజుల్లో ఎవరో దాన్ని ఎత్తి పక్కన పడేసి కూర్చొని ఉంటారు, ఫ్లైఓవర్ మీది నుంచి దవాఖానను చూసి, అబ్బ ఎంత బాగా కట్టారో అనుకొని కూడా ఉంటారు. వాళ్ళ తప్పేముంది, అది దేని గుర్తో చెప్పినవాళ్ళెవరు? పాత బస్సులు డొక్కువి, పాత దవాఖాన కారేది, మేమూ అంత గొప్పవాళ్ళం కాము. కానీ ఒక మనిషికి నొప్పి వస్తే బస్సు ఆగాలన్న సంగతి అప్పట్లో రాసి పెట్టకపోయినా అందరికీ తెలుసు. ఇప్పుడు అన్నీ రాసి పెట్టారు, అదొక్కటే లేదు.

రేపు సోమవారం. అక్క వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. నేను మాత్రం ఇంకో తువ్వాల ఉతికి దండెం మీద ఆరేశాను.