సాంచెల నడుమ ఎంచుకున్న పాట

కూసో బిడ్డా, ఆ ఫోను పక్కకు పెట్టి సక్కగ ఇను. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె, నీ కాలేజీ మాటలు కలపకు.

మీ అమ్మ పాడుతదని నీకెవ్వరు చెప్పలే గదా? ఎట్ల చెప్తరు, నువ్వు పుట్టకముందే బంద్ చేసింది.

అప్పుడు ఈ మరాఠీ ఊర్ల, దాజీ పేట్‌ల, మన ఇంటి ఎన్కనే మీ తాత నేసే కార్ఖానా. కరెంటు సాంచెలు బట్ట నేసుకుంట పొద్దంత ధడధడమంటుండె. మన పేట మనుషులు మాట్లాడితే కొట్లాడినట్టుంటదని అశోక్ చౌక్‌ల చాయ్ దుకాణమాయన నవ్వుతుండె. ఏం జేస్తం, ఆ సప్పుల్ల మెల్లగ మాట్లాడితే ఎవలికి ఇనబడతది?

మీ అమ్మకు అప్పటికి పెండ్లి కాలే. సంగీత నాటకాలేసే మరాఠీ మండలి ఒకటి పాడే పిల్లల కోసం వస్తున్నదని తెలిసింది. పాట పాడాలె, నచ్చితె తీస్కుంటరు. ఇగ ఏం పాట పాడాలె అని ఇంట్ల ఒకటే పంచాది.

నేనేమో మీ అమ్మ బీడీలు చేసుకుంట పాడుతుండె గదా, ఆ మెల్లటి పాట పాడమన్న. అది షురూ చేసిందంటె నా చేతుల కత్తెర ఆగిపోయేది, ఆకు అట్లనే ఉండేది.

మీ తాత నవ్విండు. "ఏందే నీ అకల్? బీడీల కాడి పాట పెద్దల ముంగట పాడుతరా? దోమ గుయ్యిమన్నట్టు!"

"నువ్వెప్పుడన్న ఇన్నవా?"

"ఇనబడితె గదా ఇననీకి!"

ఆయన లెక్క ఆయనదే. బిడ్డను కార్ఖానాల ఆ కొసకు నిలబెట్టి, తాను ఈ కొసకు నిలబడి, సాంచెలన్ని నడుస్తుంటె పాడమన్నడు. ఏది ఇనబడితె అది మంచి పాట. బట్టను ఎలుగుకు పట్టి సూసినట్టు పాటను సప్పుల్ల పెట్టి సూసిండు! ఆఖరికి ఒక మరాఠీ నాటకం పాట, పైపైకి పోయేది, ఆయన చెవుల పడ్డది. ముఖం ఎలిగిపోయింది. "గిదే! సాంచెల మీదికెళ్ళి వచ్చిందంటె హాలుల రాదా!"

హోట్గి రోడ్ దిక్కు హాలు. ముగ్గురం పోయినం. లోపల ఎంత నిమ్మలమంటె, నా గాజుల సప్పుడుకు నాకే సిగ్గయింది. మీ అమ్మ గొంతెత్తింది. కార్ఖానాల పాడినట్టే పాడింది బిడ్డా. హార్మోనియం వాయించే ఆయన చేతులు ఆపిండు. పెద్దాయన పాపం మంచిగనే అడిగిండు, "అగ పోరీ, ఓరడ్తేస్ కా?" అని. ఎందుకు ఒర్రుతున్నవ్ అని. గొంతు మంచిగున్నది, మెల్లగ పాడేది ఏమన్న ఉన్నదా అన్నడు.

నా పానం లేచొచ్చింది. ఉన్నది గదా! మీ అమ్మ బాపు దిక్కు సూసింది. ముంగటి కుర్చీల చేతులు కట్టుకొని మురుసుకుంట కూసున్నడు ఆయన. ఆ పెద్దాయన అడిగింది గూడ ఆయనకు ఇనబడలే. మీ అమ్మ "నాహీ" అన్నది. అంతే.

రిక్షాల మీ తాతది ఒకటే సంబురం. "మస్తు పాడినవ్ బిడ్డా, ఒక్క మాట గూడ నా చెవి దాటలే!" ఇంటికొచ్చినంక నేను ఆగలే. "ఎందుకు లేదన్నవే? ఆ పాట ఉండె గదా?"

"ముంగట బాపు కూసున్నడు గదమ్మా. అది పాడితె ఆయనకు నేను ఉత్తగ నోరు కదుపుతున్నట్టుంటుండె."

సాంచెలు ఆయన చెవులను ఎప్పుడో తినేసినయి. మాకు ఎరుకే, ఆయనొక్కడే ఒప్పుకోకపోతుండె. మండలి నుంచి పిలుపు రానే రాలే, ఆయనేమో వచ్చిందా అని అడుగుతనే ఉండె. "వస్తది బాపూ!" అని మీ అమ్మ గట్టిగ చెప్తుండె. ఆయన పోయేదాక అదే మాట.

ఇప్పుడు కార్ఖానాకు తాళం. ఇల్లంత నిమ్మలం. ఇప్పుడన్న ఆ మెల్లటి పాట పాడరాదే, నేను ఇనుకుంట కూసుంట గదా అంటె పాడది. మొన్న నువ్వు ఇంట్ల లేవు, నేను పండుకున్ననుకున్నది. ఎన్క తలుపు తీసి, ఆ తాళమేసిన కార్ఖానా దిక్కు తిరిగి పాడుతున్నది బిడ్డా. మెల్లటిది కాదు. ఆ పైపైకి పోయేదే, నరాలు తెగేటట్టు...

"అమ్మా! రొట్టె సల్లారుతున్నది, ఇగ లే!"

ఇన్నవా మీ అమ్మ గొంతు? వస్తున్ననే! ఆగు బిడ్డా, అదొక్కటి రాసుకో, పాట అయిపోయినంక తలుపు దగ్గరికేసుకుంట మీ అమ్మ ఏమన్నదంటె, "ఇనబడ్డదా బాపూ?"